తల్లో పెట్టుకోని పూలు

దువ్వాడ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబు. ఎలకల గది బయట సూపర్‌వైజరు అనూరాధ, ఎలకలకి మేతా నీళ్లూ చూసే ధనలక్ష్మి.

“పచ్చ సిరా చుక్క ఏ పెట్టెలో పిల్లలకి పెట్టాం ధనలక్ష్మీ?”

“పన్నెండో పెట్టెలో వాటికి మేడమ్.”

“మరి ఆరు పచ్చ చుక్కల పిల్లలు ఏడో పెట్టెలో పాలు తాగుతున్నాయేంటి?”

“తాగుతన్నాయా? పొట్టమీద పాలచార తెల్లగా కనబడతందా?”

“కనబడుతోంది. నేనడిగేది అది కాదు. ఎవరు మార్చారు?”

“నాను సూడలేదు.”

“పొద్దున్నుంచి ఆ గదిలోకి వెళ్లింది నువ్వొక్కదానివే.”

“నానే మార్చినాను. పన్నెండోది వాటిని ఒగ్గేసింది మేడమ్. పెట్టె కడిగి పిల్లల్ని మళ్లీ గూట్లో పెడితే, వాసన సూసి ఒక్కోదాన్నీ మూలకి తోసేసింది. సల్లబడిపోతన్నాయి. పక్కన ఏడోది ఉంది కదా. దాని పిల్లల్ని మొన్న మీరు పరీక్షకి పట్టుకెళ్లిపోయారు. అప్పట్నుంచి అది పెట్టెలో పరిచిన రంపపు పొట్టు అంతా తవ్వి ఎతుకుతంది. దాని కాడ పెట్టినాను. నోట కరుచుకొని ఆరింటినీ లోపలికి లాక్కుంది.”

“తల్లి వాసన పట్టేలా దాని గూటి పొట్టు చేతులకి రుద్దుకోకుండా పిల్లల్ని ముట్టుకున్నావా?”

“రుద్దుకున్నాను. మీరు నేర్పినట్టే.”

“మరి తల్లి ఎందుకు తోసేస్తుంది? పౌడరు రాసుకున్నావా?”

“లేదు.”

“పూలు?”

“తల్లో పెట్టుకోలేదు మేడమ్.”

“తల్లో పెట్టుకోలేదంటే?”

“తల్లో పెట్టుకోలేదు.”

“ధనలక్ష్మీ. నాకూ వస్తోంది మల్లెపూల వాసన.”

“మా అత్త కట్టింది. జాకెట్టు లోపల. పాలు ఆగిపోతాయంట. నా పసిగుంట పోయి పదకొండ్రోజులైంది, ఎన్ని మూరలు మార్చినా ఆగట్లేదు.”

“నువ్వు వాటిని...”

“ఒక్క నిమిషం మేడమ్. ఒక్క నిమిషమే గుండెలకి ఆనించుకున్నాను.”

“నెల రోజులు సెలవు ఇప్పించాను కదమ్మా. ఎందుకొచ్చావు?”

“ఇంటికాడ ఉయ్యాల కొక్కెం కనబడతంది.”

“ఇలా చూడు. ఏడోది మందు ఎక్కించిన తల్లి. దాని పాలలో మందుంటుంది. పచ్చ చుక్కలకి ఆ మందు అంటకూడదు. ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా చూడ్డమే పరీక్ష.”

“ఎనక్కి పెట్టేత్తాను. పూలు తీసేసి బేగి పెట్టేత్తాను.”

“తాగేశాయి కదా.”

“రెండు గుక్కలే.”

“ఆ ఆరింటినీ తీసెయ్యాలి.”

“తీసేసి ఏ పెట్టెలో పెడతారు?”

“నాలుగేళ్లుగా చేస్తున్నావు. తీసెయ్యడమంటే ఏంటో నీకు తెలుసు.”

“ఇంటికి పట్టుకెళ్లిపోతాను. దూదితో పాలు పట్టుకుంటాను.”

“అవి గేటు దాటకూడదు.”

“ఏటి మందు మేడమ్ అది?”

“వదిలెయ్.”

“ఏటి మందు?”

“నెలలు నిండకుండా పుట్టే పిల్లలకి. ఊపిరి ఆడ్డానికి. నీకు చెప్పకూడదనుకున్నాను.”

“మా గుంటకీ ఏదో ఇచ్చారు. పని సెయ్యలేదు.”

“అందుకే ఇంకోటి వెతుకుతున్నాం.”

“ఇది వత్తే బతుకుతారా? ఎవులో ఒకలి పిల్లలు?”

“తెలీదు. నిజంగా తెలీదు ధనలక్ష్మీ.”

“అద్దాల పెట్టెలో ఉంచారు మేడమ్ గుంటని. కన్నంలోంచి ఏలు పెట్టి ముట్టుకోనిచ్చారు, అంతే. ఎత్తుకోమని సేతికిచ్చింది అంతా అయిపోయాకే.”

“నువ్వు ఇంటికెళ్లు. ఆ పని ఎప్పుడూ చేసే గవర్రాజే చేస్తాడు.”

“గవర్రాజు వద్దు.”

“ఎవరో ఒకరు చెయ్యాలి కదా.”

“గూట్లోంచి నాను తీసి తెత్తాను. పూలు తీసేసి, నీళ్లు పోసుకొని వత్తాను. ఏడోదాని పొట్టు సేతులకి బాగా రుద్దుకుంటాను.”

“ఇంక పొట్టెందుకమ్మా?”

“కళ్లు తెరవలేదు కదా మేడమ్. అమ్మే ఎత్తుకుందనుకుంటాయి.”