మ్యూజియంలో పొయ్యి వెలిగించేను

అలా చూడకు మావా. ఫొటోలో కూర్చున్నోడివి, నీకేటి, ఎలాగైనా చూస్తావు. రేపు రంగూన్లో లత పేట నుంచి నీ శిష్యుడు శంకరరావు ఫెర్రీ దిగితే జవాబు చెప్పుకోవలసింది నేను గదా.

అసలు తప్పెవరిది? బతికున్నన్నాళ్ళూ నువ్వేటి చెప్పేవు? ఏ వస్తువూ మనది కాదు, అన్నీ వదిలెయ్యాలన్నావు. రంగూన్ బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసినప్పుడూ అదే మాట, ఏరు దాటి ఈ దలా పల్లెకొచ్చి అరుగు మీద గురువువై కూర్చున్నప్పుడూ అదే మాట.

నువ్వు పోయేక నీ శిష్యులేటి చేసేరు? నీ లుంగీ, నీ కళ్ళజోడు, నీ వంట డేగిసా, ఆఖరికి నువ్వు ఉమ్మేసుకునే డబ్బా కూడా అద్దాల బీరువాలో పెట్టి తాళమేసేరు. పైన బోర్డు, 'తత్త్వవేత్త బుల్లియ్య స్మారక మ్యూజియం' అని. నా ఇంటికి నన్నే కాపలా పెట్టేరు.

ఏదీ ముట్టుకోనివ్వకమ్మా అంటాడు శంకరరావు. ముట్టుకోడానికి వచ్చేదెవరు? వానొస్తే పక్కింటి బాతులొస్తాయి.

ఇంతలో రంగూన్‌లో గొడవలు. కాలేజీ పిల్లలంతా రోడ్లమీదికొచ్చేరు, మిలటరీ కాల్చింది. ఐదుగురికి మించి ఒకచోట చేరకూడదని రేడియోలో చెప్తే నాకు నవ్వొచ్చింది. మన మ్యూజియంలో ఐదుగురు ఎప్పుడు చేరేరు గనక?

ఆ సాయంత్రమే ఫెర్రీ ఆపేసేరు. అవతలికి పోలేక రేవులో చిక్కుకున్న జనమంతా వానలో తడుస్తూ మనింటికొచ్చేరు. చేపలమ్ముకునే బర్మా ఆవిడ దో టిన్, చంటిపిల్లల తల్లులు, మల్లిక అని కాలేజీ పిల్లొకర్తి. దాని చేతినుంచి రక్తం కారుతోంది. ఎలా తగిలిందని నేనడగలేదు.

బీరువా తాళంచెవి శంకరరావు దగ్గరుంది. రోకలి నా దగ్గరుంది.

నీ లుంగీ చింపి మల్లికకి కట్టు కట్టేను. నీ డేగిసాలో దో టిన్ చేపల పులుసు పెట్టింది. పిల్లలకి నీ కళ్ళజోడిచ్చేను, ఏడుపు మానేరు. ఉమ్మి డబ్బా ఎవరూ ముట్టుకోలేదులే.

అప్పుడొచ్చేరు సిపాయిలు.

ఇంతమంది ఎందుకు చేరేరని అడిగేడు వాళ్ళ సార్జెంటు. మల్లిక దుప్పటి కింద చెయ్యి దాచుకుంది. ఇది మ్యూజియం బాబూ, వీళ్ళు చూడ్డానికొచ్చేరు అన్నాను. దో టిన్ చప్పున నీ ఫొటోకి దండం పెట్టింది. అందరూ పెట్టేరు. ఆ సార్జెంటు ఏటనుకున్నాడో, టోపీ తీసేడు.

"ఈయన ఏం బోధించేడు?" అన్నాడు.

ఏటి చెప్పను మావా? అన్నీ వదిలెయ్యమన్నాడంటే, ముందు ఈళ్ళని మాకొదిలెయ్ అంటాడేమో. నోటికొచ్చింది చెప్పేసేను.

"ఏ మనిషీ ఒంటరిగా అన్నం తినకూడదన్నాడు."

అతను డేగిసా వంక చూసేడు. తినేసి తలుపులేసుకోండని చెప్పి వెళ్ళిపోయేడు.

ఈ పొద్దున ఫెర్రీ కదిలింది. అందరూ వెళ్ళేరు, మల్లిక కూడా. గొప్ప మనిషమ్మా మీ ఆయన, ఆ మాట గోడమీద రాయించమని దో టిన్ మరీ మరీ చెప్పింది. రాయించేస్తాను. నీ పేరే వేయిస్తాను, నాకేటి పోయింది.

నువ్వు శిష్యులతో కూర్చుని తినేసి లేచేక, వంటింట్లో మిగిలింది ఒక్కర్తినీ తిన్నదాన్ని గదా నేను. ఆ మాట నీకెలా తెలుస్తుందిలే.