కప్పు మీద చొక్కాలు

చెప్పు నాయనా, పైనుంచి ఏం చూశావు? ఆ రోజు ఈ బడి మీదికి విమానం తెచ్చింది నువ్వేనని కాపలావాళ్ల దగ్గర ఒప్పుకున్నావట. వాళ్లకి చెప్పినవాడివి, అన్నం పెట్టేదాన్ని, నాకు చెప్పలేవా?

తిను, తిను. కారమా? మరి! మీ రాజధాని నాలుకలకి మా అరకాన్ తీరపు చేపల పులుసు ఎక్కుతుందా? ఏడుపొస్తే కారం మీదికి నెట్టెయ్. నేనూ అదే చేస్తాను.

నేనెవరో తెలుసా? న్యో అవ్వని. ఈ వంటశాలకి సేనాధిపతిని! వయసులో ఉండగా మీ జనరళ్లకి ఎదురు తిరిగి జైల్లో పురుగులన్నం తిన్నాను. అందుకే మా తిరుగుబాటువాళ్లు మీ సిపాయిల్ని పెళ్లాం పిల్లలతో సహా పట్టుకొచ్చి ఈ బడిలో పెడితే, వంట నేనే చేస్తానన్నాను. ఖైదీకైనా మంచి అన్నం పెట్టాలని. ఎంత గొప్పదాన్నో!

అంతటితో ఊరుకున్నానా? బుర్ర ఒకటి ఏడ్చింది కదా. మీరేమో సంత మీద బాంబులు వేశారు, ఆసుపత్రి మీద వేశారు. నాకో మహా ఉపాయం తట్టింది. ఖైదీల ఆకుపచ్చ సిపాయి చొక్కాలన్నీ ఉతికించి, రేకుల కప్పు మీద ఆరేయించాను.

కాపలా నాయకుడు నెత్తి కొట్టుకున్నాడు. "అవ్వా, పైకి కనబడతాయే!"

"కనబడాలనే కదరా వెధవా! సొంత చొక్కా మీద ఎవడైనా బాంబు వేస్తాడా? కుక్క కూడా ఇంటివాళ్ల బట్ట వాసన పట్టి తోక ఆడిస్తుంది!"

ఊరంతా నవ్వింది. ఆ తరవాత నమ్మింది. అదీ నా దరిద్రం! ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొచ్చి ఖైదీల పక్కనే చాపలు పరుచుకున్నారు. ప్రాణభయంతో జనం జైల్లోకి పరిగెత్తడం ఎక్కడైనా విన్నావా? మా చెల్లెలు ఫ్యూ మాత్రం రానంది. "నీ తెలివి కింద నువ్వే పడుకో అక్కా" అంది. చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

ఆ మధ్యాహ్నమే నువ్వొచ్చావు.

నేనా? ఉప్పు కోసం ఇంటికెళ్లాను. సేనాధిపతి ఉప్పు మరిచిపోయింది! తిరిగొచ్చేసరికి బడిలో మిగిలింది ఈ ఒక్క గదే. మీవాళ్లెవరో మావాళ్లెవరో పోల్చుకోలేకపోయాం. ఒక సిపాయి పెళ్లాం మాత్రం కొనప్రాణంతో ఉంది, నా చెల్లెలి చెయ్యి వదలకుండా. "వచ్చింది మావాళ్లే కదా, మావాళ్లే కదా" అంటూనే పోయింది. ఏం చెప్పను దానికి? అప్పటికి నువ్వు దొరకలేదాయె.

ఇప్పుడు నీ విమానం కూలింది, దొరికావు. భయపడకు, కొట్టను. ఈ చేతులకి గరిటె లేపడమే గగనం.

ఒక్క మాట చాలు. ఆ చొక్కాలు నీకు కనబడలేదంటే, నేను వట్టి వెర్రిబాగులదాన్ని, చెల్లెల్ని నేనే చంపుకున్నాను. కనబడినా వేశావంటే... ఆ మాటే చెప్పు నాయనా, కాస్త నిద్ర పడుతుంది. చూశావా నా బతుకు, నీ పాపం మీద ఆశ పెట్టుకున్నాను!

అన్నం కెలకడం ఆపు.

అదిగో, వాగు అవతల మోత. విన్నావా? నీకు తెలియని చప్పుడా! గుమ్మం వంక చూడు, ఆడవాళ్లు మళ్లీ చాపలు చంకనెట్టుకుని నిలబడ్డారు. పైలట్ మనదగ్గరున్నాడు, వాడి చొక్కా చూస్తే ఎవడూ వెయ్యడట! నేను నేర్పిన తెలివే.

ఇదిగో నీ చొక్కా. ఉతికాను, నెత్తుటి మరక పూర్తిగా పోలేదు. వాళ్లు నా ముఖం చూస్తున్నారు, నేను నీ ముఖం చూస్తున్నాను.

చెప్పు, కప్పు మీద ఆరెయ్యనా, వద్దా?