గుమ్మంలో పేర్లు

కడియంలో కాలవ పక్కన నర్సరీ. ఎల్లుండి సుకుమార్ పెళ్ళి. పచ్చ నెట్టు కప్పిన షెడ్డులో, ఎప్పటిలాగే, అతని చెల్లెలు రామతులసి మామిడి అంట్లు కడుతోంది. మాట్లాడదామని వచ్చిన తల్లి మాణిక్యాంబ ఇంకా అసలు మాటకు రాలేదు.

"అది కాదే, రెండ్రోజులే. రెండ్రోజులు నిడదవోల్లో పిన్ని దగ్గరుంటే నీకే సుఖమని."

"గాజులు ఆపమ్మా."

"ఏంటి?"

"చెయ్యి ఊపుతున్నావు. కొత్త గాజులు కదా, గట్టిగా మోగుతున్నాయి."

"పెళ్ళింట్లో గాజులు మోగకపోతే ఇంకేం మోగుతాయే. సర్లే, ఇదిగో, చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడు విను."

"వింటున్నాను."

"మొహం ఇటు పెట్టి విను."

"మొహం చూస్తే మాట వినబడదు నాకు. చేతిలో అంటు ఉంది. చెప్పు."

"తణుకు హాల్లో బ్యాండు, డీజే, తలంబ్రాలప్పుడు నిప్పురవ్వలు చిమ్మే మిషన్లంట, అవి కూడా మాట్లాడేడు మీ అన్న. ఇక వీడియోవాళ్ళ లైట్లు సరేసరి. నువ్వు పడలేవు కదా. నీ గురించే నా బెంగంతా."

"హాలుకి రానని నేనే చెప్పాను కదా."

"చెప్పావనుకో."

"మనింటి గుమ్మం దగ్గర పని ఒక్కటే అడిగాను."

"అదే, అదే. అది చూద్దాం."

"చూద్దాం అంటే వద్దని."

"వద్దని ఎవరన్నారే? చూద్దాం అన్నాను."

"నాన్నున్నప్పుడు సైకిల్ కొనమంటే చూద్దాం అన్నావు. టెన్త్ అయ్యాక కాలేజీకెళ్తానంటే చూద్దాం అన్నావు."

"కాలేజీకి పంపించాం కదే. బస్సు దిగి ఇంటికొచ్చి మంచం కింద దూరింది ఎవరు?"

"ఆ బస్సు హారనుకి."

"ఊళ్ళో పిల్లలందరూ ఆ బస్సే ఎక్కేరు. ఒక్కళ్ళన్నా మంచం కింద దూరేరా? అయినా గుమ్మం దగ్గర ఏముందే అంత?"

"నీకు తెలీదా? అన్నయ్యా వదినా కారు దిగి గడప దగ్గరకొస్తారు. ఆడపడుచు అడ్డం నిలబడుద్ది. ఒకరి పేరు ఒకరు చెబితేగానీ లోపలికి రానివ్వదు. ఆ అమ్మాయి సిగ్గుపడి నోట్లో నోట్లో చెబుద్ది. అది వినడానికి అందరూ నోళ్ళు మూసుకుంటారు. బ్యాండువాళ్ళు కూడా ఆపేస్తారు. పెళ్ళి మొత్తంమీద చప్పుడు లేని పని అదొక్కటేనమ్మా."

"ఓసి పిచ్చిదానా."

"నేను చెయ్యగలిగిన పని అదొక్కటే."

"అలాగనకే..."

"మళ్ళీ గాజులు."

"దేవిశ్రీ చేసేస్తుందిలే. మీ చిన్నాన్న కూతురు, వరసకి అదీ ఆడపడుచే కదా."

"వరసకి. నేను సొంత చెల్లెల్ని."

"దానికి నలుగుర్లో నవ్వుతూ మాట్లాడ్డం అలవాటు. నువ్వు గుమ్మంలో కొయ్యబొమ్మలాగ నిలబడితే ఏం బాగుంటుంది?"

"నేర్చుకున్నాను. 'పేరు చెప్పి లోపలికి రా వదినా.' అంతే కదా. అంట్లు కడుతూ రోజూ అనుకుంటున్నాను. చివర్న నవ్వాలి, అదీ తెలుసు. లోవరాజుని అడిగి, చప్పుడు వినబడకుండా చెవులకి పెట్టుకునేవి కూడా తెచ్చుకున్నాను."

"ఏ లోవరాజు? మన గడ్డి కోసే మిషన్ తిప్పే లోవరాజా? ఆ డొప్పలు పెట్టుకుని నిలబడతావా, పట్టుచీర కట్టుకుని?"

"వాళ్ళు కారు దిగేదాకానే. బ్యాండు ఆపగానే తీసేస్తాను. అవి పెట్టుకుని మిషన్ పక్కన నిలబడి అలవాటు కూడా చేసుకున్నాను. మొదట్లో వాంతయ్యేది. ఇప్పుడు కళ్ళు తిరగడమొక్కటే."

"నాకు చెప్పలేదేమే?"

"చెబితే చూద్దాం అంటావని."

"నీ నోరొకటి."

"అమ్మా, రాజమండ్రి డాక్టరమ్మ ఆటిజం అని చెప్పిన రోజు నువ్వు బస్సులో ఏడ్చావు."

"ఇప్పుడదెందుకే."

"ఆవిడేం చెప్పిందో గుర్తుందా? మనకి చప్పుడు చెవి దగ్గరే ఆగుద్దండి, మీ అమ్మాయికి ఆగదు, ఒళ్ళంతా పాకుద్ది అంది. వెలుగూ అంతే అంది. వేషాలు కావు, కొట్టకండి అంది."

"ఆవిడకేం పోయింది. ఫీజు పుచ్చుకుని చెబుద్ది. ఆవిడ కొడుక్కి సంబంధాలు తప్పిపోతే తెలిసొచ్చేది."

"మధ్యాహ్నం ఎండకి ఆంథూరియం ఆకు మాడిపోద్దని ఇంత షెడ్డుకీ నెట్టు వేయించావు. దాన్నెప్పుడన్నా వేషాలన్నావా?"

"మొక్కకేం తెలుసే."

"నేను మాత్రం తెలిసి చేస్తున్నానా?"

"నీతో మాట్లాడితే ఇంతే. చివరికి నన్ను దోషిని చేసి నిలబెడతావు. అదిగో, మీ అన్న వస్తున్నాడు. వాడితో చెప్పుకో."

"అమ్మా, ఎంతసేపు ఇక్కడ? గేటుకి లైట్లు కట్టేశారు, వేసి చూపిస్తామంటున్నారు. దీనికి చెప్పావా?"

"చెబుతున్నాన్రా సుకుమార్. నువ్వు తొందరపెట్టకు."

"ఫోటోగ్రాఫరు ఫోన్ చేశాడు. గుమ్మం దగ్గర ఫోటోలకి దేవిశ్రీ ఏ రంగు చీర కట్టుకుంటుందో చెప్పమంటున్నాడు."

"అన్నయ్యా."

"ఆ, ఏంటి తులసమ్మా."

"గుమ్మం దగ్గర దేవిశ్రీయా?"

"అబ్బే, అదేం లేదు. ఆడు ఊరికే అడిగాడు. నీ ఇష్టం. నువ్వంటే నువ్వే."

"నేనే?"

"అన్నాను కదా."

"నేల చూసి అన్నావు."

"నువ్వు మాత్రం చూస్తావేంటి ఎవరి మొహమన్నా?"

"నేను చూడకపోయినా అబద్ధం చెప్పను."

"ఒరే, దాంతో వాదన పెట్టుకోకురా. చెప్పాల్సింది చెప్పు."

"చూడు తులసీ. సాయంత్రం కారొస్తుంది. పిన్నింటికెళ్ళు. హాయిగా పడుకో. గుమ్మం టైముకి నేనే వచ్చి తీసుకొస్తా."

"పీటల మీదనించి లేచి నిడదవోలు వస్తావా?"

"ఎవర్నో ఒకర్ని పంపిస్తాలే. ప్రతి మాటా పట్టుకుంటావేంటి."

"పిన్ని ఇల్లు స్టేషను వెనకాలే."

"అయితే?"

"గూడ్సు బళ్ళు. పెట్టెలు గుద్దుకునే చప్పుడు. రాత్రంతా ఆ పెద్ద లైటు కిటికీలోంచి కొడుద్ది. ఇక్కడ బ్యాండు పడలేనని నన్ను అక్కడికి పంపిస్తున్నారా?"

"పిన్నోళ్ళు ఉండట్లేదా? రైలు అలవాటైపోద్ది. నాల్రోజులైతే వినబడను కూడా వినబడదు."

"రెండ్రోజులే అంది అమ్మ."

"నాల్రోజులని మాట వరసకి అన్నాను. అమ్మా, చెప్పవే నువ్వు. అదేంటి, చెవులు మూసుకుందేంటిది? ఇక్కడ నేనేమన్నా అరిచానా?"

"గేటు దగ్గర స్పీకరు పెట్టారు. పాట రాబోతోంది."

"ఏ పాటా లేదు. లైట్లు ఒక్కటే."

"ఉంది. గుర్రుమంటోంది. వైరు పెట్టేశారు."

"ఇదేనమ్మా నాకు విసుగు. లేనివి వింటది, ఉన్నవాటికి ఏడుస్తది. ఏ స్పీకరూ లేదే బాబూ, ఇక్కణ్ణించి గేటెంత దూరం, నీకు..."

"వచ్చింది కదరా. పాట వచ్చింది. వెళ్ళు, వెళ్ళి ఆపమను."

"పెళ్ళింటి ముందు పాట ఆపమంటే నవ్వుతారమ్మా."

"వెళ్ళరా ముందు. దాని పెదాలు చూడు, ఎలా పాలిపోయాయో."

"వెళ్తున్నా. ఈ నాలుగు రోజులన్నా ఈ ఇల్లు అందరి ఇల్లులాగ ఉండనివ్వండి నాకు. అంతకంటే అడగను."

"వెళ్ళాడులే. ఆపిస్తాడు. చెవులు వదులు తల్లీ. ఆపేశాడు కూడా."

"ఆపలేదు. తగ్గించాడు."

"అదే, తగ్గించాడు. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు. అమ్మా, పెట్టెలో స్వెట్టరు ఎందుకు సర్దావు?"

"ఏ స్వెట్టరు?"

"పొద్దున నా బట్టలు సర్దావు. జిప్పు పడకపోతే మోకాలేసి లాగావు. బీరువాలో నావి ఒక్కటి లేవు. అన్నీ పెట్టావు. స్వెట్టరు కూడా."

"తెల్లారగట్ల చలేస్తుందేమోనని."

"వైశాఖంలోనా?"

"ఆ అంటు ఇలా ఇవ్వు, నేను కడతాను."

"నిన్ను ఏడిపించాలని అడగట్లేదమ్మా. ఎన్నాళ్ళకో చెబితే, అక్కడి చప్పుళ్ళు ఏవేవి ఎప్పుడెప్పుడో ముందే కనుక్కుంటాను. ముందు తెలిస్తే కొంచెం తట్టుకుంటాను."

"నన్నేం చెయ్యమంటావే. వాడికి ముప్పై దాటేయి. వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి. మొన్నటికి మొన్న నిశ్చయం అయిపోయింది అనుకున్న సంబంధమూ అంతే, నేను హారతి గంట కొట్టగానే నువ్వు వాళ్ళ ముందు పళ్ళెం విసిరికొట్టావు."

"విసరలేదు. చేతిలోంచి జారింది."

"వాళ్ళకి విసిరినట్టే కనబడింది. ఇంట్లో ఇలాంటి పిల్లుంటే రేప్పొద్దున పుట్టేవాళ్ళకీ వస్తుందేమోనండి, అని మధ్యవర్తితో కబురు. వాడు ఆ రోజు అన్నం తినలేదు. నువ్వు చూశావా? నీ చీకట్లో నువ్వున్నావు. నాకు నువ్వూ బిడ్డవే, వాడూ బిడ్డే."

"అందుకని."

"అందుకని కొన్నాళ్ళు. ఆ పిల్ల మనింట్లో కాస్త కుదురుకుంటుంది. వాళ్ళు మంచివాళ్ళే, తణుకువాళ్ళు. అప్పుడు నెమ్మదిగా నేనే చెబుతాను."

"ఏమని?"

"ఇలాగ, మా చిన్నదానికి... మా అమ్మాయికి కాస్త..."

"ఇప్పటిదాకా ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదే. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిది చెప్పకపోతే అబద్ధమవుద్దా?"

"అడిగారు."

"ఎవరన్నారు? దేవిశ్రీ వాగిందా? దాని నోరు..."

"ఎవరూ అన్లేదు. తాంబూలాల రోజు నన్ను ఈ షెడ్డులోంచి బయటికి రావద్దన్నావు. రాలేదు. మీరు వరండాలో కూర్చున్నారు."

"వరండా ఎక్కడ, ఈ షెడ్డెక్కడ. మధ్యలో గులాబీల మడంతా ఉంది. మనిషన్నవాళ్ళకి వినబడుద్దా అంత దూరం?"

"నాకు వినబడుద్దని పుట్టినకాణ్ణించీ చెబుతున్నాను. మీరెవరూ నమ్మలేదు."

"ఏదో గాలివాటున నాలుగు ముక్కలు విని..."

"గాలి లేదు ఆ రోజు. పెళ్ళికూతురి తల్లి గ్లాసులో చెంచా తిప్పుతోంది. పంచదార కరగలేదు, అడుగున గరగరమంటోంది. మీకు ఆడపిల్లల్లేరా వదినగారూ అంది."

"తులసీ."

"ఎప్పుడూ చెవులు మూసుకుంటానని తిడతావు కదా. ఆ రోజు మూసుకోలేదు."

"తులసీ, ఊరుకోవే. తల్లీ, నీకు దణ్ణం పెడతాను. గేటు దగ్గర మనుషులున్నారు."

"చిన్నగానే మాట్లాడుతున్నాను. నేనెప్పుడూ చిన్నగానే మాట్లాడతాను."

"అంతా వినీ, మరి ఇన్నాళ్ళూ గుమ్మం పని నాకు కావాలని ఎందుకడిగావే? ఆ గడ్డి మిషన్ పక్కన నిలబడ్డం ఎందుకు, వాంతులెందుకు? ఎవరిని సాధిద్దామని?"

"సాధిద్దామని కాదు. నేను అడుగుతూనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నువ్వే చెబుతావనుకున్నాను."

"నా నోటితో ఎలా చెప్పమంటావే నిన్ను పెట్టుకుని."

"వాళ్ళతో చెప్పావు కదా."

"అది వేరు. ఆవిడ హఠాత్తుగా అడిగేసరికి... వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. నోటికేదొస్తే అది అనేశాను. ఏమన్నానో కూడా నాకు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది."

"వద్దు."

"మళ్ళీ మోగుతున్నాయి. గాజులు."

"ఇదిగో, తీసేస్తున్నాను. అన్నీ తీసేస్తున్నాను. చూడు, తీసేశాను. ఇంక చాలు."

"ముందు నువ్వు ముక్కు చీదావు. సుకుమార్ తర్వాత ఒక ఆడపిల్ల పుట్టిందండీ అన్నావు. అన్నయ్య కప్పు కింద పెట్టాడు. ఏమన్నా అంటాడేమో అని విన్నాను. ఏమీ అనలేదు. ఆవిడ చెంచా తిప్పడం ఆపి, పేరేంటండీ అంది."

"తులసీ..."

"బారసాల కాకుండానే పోయిందండీ, ఇంకా పేరు పెట్టలేదు అన్నావు."