ట్యాంకు పక్క గది

ఆ స్టూలు మీద కూసో భూమికా, మంచం మీద కూసుంటే సిస్టర్ ఒర్రుతది. మళ్ల బత్తాయిలెందుకు తెచ్చినవ్? ఊపిరితిత్తులకూ బత్తాయిలకూ ఏం సంబంధమో ఈ ఊర్ల ఒక్కరన్న చెప్తే బాగుండు. చూడనీకి వచ్చిన ప్రతి మనిషీ అవే తెస్తరు.

పదకొండు రోజులాయె. మూడు పొద్దులు డబ్బీల కఫం ఉమ్మిన, టీబీ లేదన్నరు. చేతికి సూది గుచ్చి, గీత గీసి, వాపు కొలిచిండ్రు. అప్పుడూ లేదన్నరు. ముక్కుల నుంచి గొట్టం దించి లోపల కడిగి చూసిండ్రు. ఏం దొరకలేదన్నరు. "లేదు" అనే ఒక్క మాట మీద ఇన్ని రోజులు మాట్లాడినోళ్లను మన యూనివర్సిటీల కూడా చూడలే.

నిన్న మళ్ల ఆ ఊదుడు మిషన్ కాడికి తీస్కపోయిండ్రు. ఆరు సెకన్లు ఆపకుంట ఊదాలె. మూడో సెకనుకే దగ్గు. "గట్టిగా అమ్మా, ఇంకా గట్టిగా" అంటడు టెక్నీషియన్. నేనెవరనుకుంటున్నవ్, ఏడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండ మాట్లాడి కప్పు గెలిచినదాన్ని అందామనుకున్న. అననీకి ఊపిరి లేకపాయె.

నవ్వకు. నువ్వు నవ్వితే నాకు నవ్వొస్తది. నాకు నవ్వొస్తే దగ్గొస్తది.

ఈ కిటికీల నుంచి తార్నాక చౌరస్తా కనబడుతది, చూసినవా? మన క్యాంపస్ పోయే బస్సులు లెక్కపెట్టుకుంట పండుకుంట. పిలిస్తే వినబడేంత దూరం. పిలవనీకే గొంతు లేదు.

రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. నీకు చెప్పలేదా సిస్టర్? పక్కటెముకల నడుమ కోసి, ఊపిరితిత్తి ముక్క తీసి చూస్తరంట. సంతకం కోసం మా నాయినకు ఎస్టీడీ బూత్ నుంచి కబురు పెట్టిండ్రు. ఇంక వేరే తొవ్వ లేదన్నడు డాక్టర్ పార్థసారథి.

మంచోడే ఆయన. ఆయనకొక్కటే అంతు చిక్కుతలేదు. పోయిన నెల ఇట్లనే చేరితే అయిదు రోజులల్ల జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. పొమ్మన్నరు. హాస్టల్‌కు వచ్చిన వారానికే మెట్ల మీద కూలబడితి. ఈసారి కూడా జ్వరం పోయింది గని దగ్గు వదుల్తలేదు. "ఇక్కడుంటే బాగవుతున్నావు, అక్కడికెళ్తే పడిపోతున్నావు. అక్కడేముందమ్మా ప్రవళికా?" అంటడు. రోజూ అదే. అద్దాలు నెత్తి మీదికి నెట్టి, "నువ్వు పడుకునే చోట తడి గోడలున్నాయా? పక్షులున్నాయా? పాత దూది?"

నేనేం చెప్తున్న? రెండో అంతస్తు, ముప్పై నాలుగో రూం సార్. నేనూ సుధామయీ, ఇద్దరమే ఉంటం. గాలి మంచిగొస్తది.

ఆ గాలి వచ్చేది నీకు కదా.

గుర్తుందా, అక్టోబర్ల డిబేటు? హాస్టల్ సీటు రానోళ్లను రూములల్ల ఉంచుకునుడు తప్పా, కాదా అని. తప్పు కాదన్న నేను. "లిస్టుల పేరు లేనంత మాత్రాన మనిషికి నిద్ర రాకుంటదా?" అన్న. ఒకటే చప్పట్లు. కప్పు పట్టుకొని మెట్లు దిగుతుంటే కింద నువ్వు. రేకు పెట్టె, బొంత మూట. "అక్కా, నాకు సీటు రాలే" అన్నవు. అంతే. అంత చిన్న మాటతోని నన్ను ఓడగొట్టినోళ్లు ఇప్పటిదాక లేరు.

నా మంచం నీకిచ్చిన. చాప మీద పండుకుంట అన్నవు నువ్వు, నేనే వద్దన్న. సుధామయి మొహం మాడ్చుకున్నది గని వార్డెన్‌కు చెప్పలే. ఊడ్వనీకి వచ్చే రాములమ్మను బతిమాలి, డాబా మీద నీళ్ల ట్యాంకు పక్క గది తాళంచెవి తీస్కున్న, రాత్రిళ్లు పండుకునుడు అక్కడనే. ఇరిగిన కిటికీలు, ఏ కాలం నాటివో దూది పరుపులు, పావురాలు. గోడ పొడుగూతా రెట్టలు. పొద్దున కిందికి వస్తే నా జుట్టుల ఈకలు ఏరింది నువ్వే కదా? డిబేటు ప్రాక్టీసు కూడా అక్కడనే. ఎదురు చెప్పని సభ. నేను గొంతు పెంచినప్పుడల్ల రెక్కలు కొట్టి దుమ్ము లేపేటివి.

ఆ దుమ్మే. డాక్టర్ పక్షుల మాట ఎత్తిన రోజే నాకర్థమైంది.

చెప్తే ఏమైతది? ఆ గదిల ఎందుకున్నవంటరు. నీ మంచం మీద ఎవరంటరు. పోయిన ఏడు, తొంభై ఐదుల, లిస్టుల లేనోళ్లు ఇద్దరు దొరికితే పెట్టెలు గేటు బయట పెట్టించింది వార్డెన్. నీ పరీక్షలకు పదహారు రోజులున్నయి. ముషీరాబాద్‌ల మీ మేనమామ ఇంటికి పోతే పుస్తకం గుంజుకొని చీపురు చేతికిస్తరు. అందుకని నోరు మూసుకున్న. ఎనిమిది రోజులు. నేను, నోరు మూసుకునుడు.

గాని ఒక్కటి అడుగుతా. మంగళవారం నువ్వు ఈ స్టూలు మీదనే ఉన్నవు. నీ ముంగటనే అడిగిండు, పక్షులున్నాయా అని. లేవన్న. అని నీ దిక్కు చూసిన. నువ్వు బత్తాయి ఒలుస్తున్నవు. నీ చెయ్యి ఆగలే. తొనల మీద తెల్లపీచు ఒక్కొక్కటే తీసుకుంట కూసున్నవు, నా జుట్టుల ఈకలు తీసినట్టు.

ఏడువకు. నీ పక్క కూడా నేనే వాదించిన ఈ మంచం మీద, బాగనే వాదించిన. భయపడ్డ పిల్ల ఏం మాట్లాడుతది అన్న. గెలిచిన కూడా.

అసలు సంగతి విను. నేను నిన్ను కాపాడలే. నువ్వెప్పుడు నోరు తెరుస్తవా అని చూసుకుంట పండుకున్న. "సార్, అక్క పావురాల గదిల పండుకుంటది" అని నువ్వు ఒక్కసారి అని ఉంటే, లేచి కూసొని, ఆ పిల్లకేం తెల్వదు సార్ అనేదాన్ని. నిన్ను అబద్ధాలకోరును చేసి, సంతోషంగ కత్తి కిందికి పోయేదాన్ని.

రేపు ఆపరేషన్ లేదు భూమికా. పొద్దున డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు అంతా చెప్పిన. ఎందుకమ్మా ఆ గదిలో అంటే నీ పేరు కూడా చెప్పిన. నా ముంగటనే వార్డెన్‌కు ఫోన్ చేసిండు, ఆ గది మూయించమని. ఈపాటికి నీ పెట్టె గేటు కాడ ఉంటది.

మరి ఆపరేషన్ అని ఎందుకన్ననా? ఇప్పుడన్న "నేనే చెప్త అక్కా" అంటవేమోనని. ఇంతసేపు చూసిన.

కత్తికి భయపడి చెప్పిన్నో, నువ్వు చెప్పలేదని చెప్పిన్నో నాకే తెల్వదు. ఏ పక్క ఇచ్చినా వాదిస్త.

ఒలిచింది చాలు. ఆ తొన ఇటియ్యి.