గాలి లెక్క తేలేదాకా

అధ్యక్షస్థానంలో ఉన్న లైబ్రేరియన్ గారికి, ఇరవై ఏళ్లుగా ఈ గది మాకిచ్చి మా అరుపులు భరించినందుకు ముందుగా ఒక దండం. పెద్దలకు, మిత్రులకు, చివరి వరసలో నా వైపు చూడకుండా కూర్చున్న మా బావమరిదికి నమస్కారం.

ఈ రోజు సెలవు తీసుకుంటున్న మన పెద్దాయన ఉద్యోగమున్నన్నాళ్లూ తుపాకులు బాగుచేశారు. తర్వాత ప్రతి శనివారం మన చేత కథల ఆట ఆడించారు. తలా ఒక పాత్ర అనుకుని కథ నడపడం, తగాదా వస్తే పాచికలు వేయడం, ఇంతే ఆట. కానీ కథలోకి తుపాకీ వచ్చిందా, ఆయనకు పాత వృత్తి పూనేది. నలభై పేజీల నోటుబుక్కు తీసేవారు. దూరమెంత, గాలి ఎటు, తూటా ఇరుక్కుందా, చెయ్యి వణికిందా, అన్నిటికీ పట్టికలే. ఒక్క గుండు పేలడానికి ముప్పావు గంట. ఒకసారి నేను దొంగకు గురిపెడితే, లెక్క తేలేలోపు వాడూ నేనూ మాటల్లో పడి వియ్యంకులమయ్యాం. (నవ్వులు)

"ఒక్క పాచిక చాలు, నాలుగు దాటితే మనిషి పోయినట్టే" అని నేను వారంవారం పోట్లాడేవాణ్ణి. మూడు నెలల కిందట ఆయన కంటి ఆపరేషనుకు వెళ్తే ఆ శనివారం ఆట నడిపే పెత్తనం నాకొచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. గంటలో పదకొండు మందిని లేపేశాను. అందులో మా బావమరిది తొమ్మిదేళ్లుగా ఆడుతున్న డాక్టరు పాత్ర ఒకటి. పాపం, వాడు మా అందరికీ టీ తేవడానికి లేచాడు. కప్పులతో తిరిగొచ్చేసరికి డాక్టరు లేడు. కప్పులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి మా గడప తొక్కలేదు. మా ఆవిడ దీని గురించి నాతో అన్న మాటలు సభలో చెప్పదగినవి కావు. (నవ్వులు)

తన చీమతలకాయంత అక్షరాలు తనకే కనపడక పెద్దాయన మొన్న, ఇక ఆట నువ్వే నడుపు అని ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. నిజం తుపాకీ ఇంత నెమ్మదిగా పేలుతుందా అని అడిగాను.

"అరక్షణం చాలని నాకు తెలీదటయ్యా? పేల్చాలా వద్దా అని ఆలోచించుకోడానికి పట్టే టైము లెక్కేశాను" అన్నారు.

ఇరవై ఏళ్లలో ఆయన ఆడించిన ఆటలో చచ్చిపోయింది ఇద్దరే. నాకు సిగ్గేసింది.

అందుకని కొత్త పెత్తందారుగా నా మొదటి తీర్పు ఇది. ఆ శనివారం పేలిన గుండ్లన్నీ నోటుబుక్కు ప్రకారం మళ్లీ లెక్కిస్తాం. ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. పెద్దాయనా, కళ్లు జాగ్రత్త. ఒరే బావమరిదీ, నీ డాక్టరు మీద పేలిన గుండుకు ఇంకా గాలి లెక్కే తేలలేదు. నాకు ఎక్కాలు సరిగ్గా రావని నీకు తెలుసు, పదేళ్లు పట్టొచ్చు. అందాకా డాక్టరు బతికున్నట్టే. శనివారం రా, టీ నేను తెస్తాను. సెలవు.