నది దాటిన లైసెన్సు

న్యూజెర్సీ పోలీసు స్టేషన్లో సంకెళ్లతో కూర్చున్న ఆమెకు చేతుల కన్నా తలే బరువుగా ఉంది. కబురందగానే పెన్సిల్వేనియా నుంచి కారులో వచ్చిన అన్న ఎదురుగా కూర్చున్నాడు.

“కారెందుకు ఆపారు?”

“వెనక లైటు వెలగలేదట.”

“మరి బ్యాగులో తుపాకీ ఉందని వాళ్లకెలా తెలిసింది?”

“నేనే చెప్పాను. పోలీసు ఆపితే ముందు ఆ మాటే చెప్పమని తుపాకీ శిక్షణ క్లాసులో నేర్పారుగా. తుపాకీ లైసెన్సు కూడా చూపించాను. ఇది నది అవతల మీ పెన్సిల్వేనియాలోనే చెల్లుతుందమ్మా, ఇక్కడ చెల్లదు అన్నాడు.”

“ఇంట్లో పెట్టి రావాల్సింది కదే! జైలంటే మాటలా? నర్సు ఉద్యోగం ఊడుతుంది.”

“అరవకు అన్నయ్యా, ఓపిక లేదు. కొత్త చట్టం వచ్చేసింది, ఇక ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందన్నారు, నమ్మాను.”

“వచ్చిందా, పాడా! దారిలో లాయరుకి ఫోన్ చేశాను. అదింకా చర్చల్లోనే నలుగుతోందట. ఏ వెధవ చెప్పాడు నీకు?”

“వదిలెయ్.”

“వదలను. వాణ్ని కోర్టుకి ఈడుస్తాను. ఎవడు?”

ఆమె కళ్లు మూసుకుంది.

“ఈస్టర్ రోజు, అమ్మ ఇంట్లో, అందరికీ మాంసం కోసి వడ్డిస్తూ చెప్పావు. నువ్వే అన్నయ్యా.”