ఒక నంబరు తక్కువ

ఆఫీసు బిల్డింగుకి ఎదురుగా టీకొట్టు. కొట్టు నడిపే అక్క ఆ సాయంత్రం అడిగింది చిన్న ప్రశ్నే.

"బాబాయ్, రేపు మా చెల్లెలు మళ్ళీ పనిలోకి వెళ్ళాలి. మూడు నెలలుగా ఇంట్లోనే ఉంది. రేపు రాకపోతే కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరం పంపారు. చెప్పులతో రానివ్వరట. కాలంతా మూసి ఉండాలి, ఆఫీసు బట్టలకి నప్పాలి. ఎత్తు మడమలవి తను ఇక వేసుకోకూడదు. స్నీకర్లయితే ఫరవాలేదన్నారు. ఎలాంటివి కొనాలి?"

అడిగింది కొలబద్దని. బూట్ల షాపులో ముప్పయ్యేళ్ళు ఆడవాళ్ళకి బూట్లు తొడిగి, రెండు నెలల కిందట ఇంటికొచ్చేసిన మనిషి. అన్నేళ్ళలో పాదం కొలిచే బద్దని ఒక్కసారి కూడా ముట్టలేదని ఆయన చెప్పుకోని రోజు లేదు. అందుకే మేం ఆయనకి కొలబద్ద అని పేరు పెట్టాం. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

చెల్లెలు బెంచీ చివర కూర్చుని ఉంది. పాదాలు రెండూ బెంచీ కిందికి లాక్కుని పొడుగు గౌను అంచుతో కప్పుకుంది. అక్క ఆమెకి చక్కెర వెయ్యని టీ వేరే గ్లాసులో ఇచ్చింది. ఎదురు బిల్డింగులో లిఫ్టు నడిపే అతను డ్యూటీ దిగి వచ్చి ఇంకో బెంచీ మీద నా పక్కన చేరాడు.

కొలబద్ద గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు కింద పెట్టాడంటే మొదలుపెట్టాడని అర్థం.

"చిన్న పనే అమ్మాయ్. చిన్న పనికే పెద్ద బుర్ర కావాలి. ముందు స్నీకరు జాతి తెలియాలి. ఆటబూటుకీ ఆఫీసు బూటుకీ వరసకి మేనల్లుడు వాడు. ఇద్దరిళ్ళలోనూ చనువే, ఎక్కడా పూచీ లేదు. అలాంటివాడిని ఆఫీసుకి పంపాలంటే మర్యాద నేర్పి పంపాలి. ఒంటి మీద మెరుపులు ఉండకూడదు, పక్కన గోడ మీద రాతల్లాగా పెద్ద పెద్ద అక్షరాలు ఉండకూడదు, అడుగు ఇటుకంత మందం ఉండకూడదు. సాదా తోలు, లేసు కూడా అదే రంగు. ప్యాంటు అంచు చీలమండ ఎముక దగ్గర ఆగాలి. బూటు మీద కుప్పపడిందా, ఎవరి ప్యాంటో ఎత్తుకొచ్చినట్టుంటుంది. నల్ల ప్యాంటుకి నలుపు, బూడిద రంగుకి తెలుపు, మోకాళ్ళ కిందికి దిగే గౌనుకి అడుగు పల్చనిది. ఇదంతా దారిన పోయేవాడు కూడా చెబుతాడు. నేను చెప్పేది ఇంకెవరూ చెప్పరు."

"అయితే తెలుపు తీసుకోనా?" అంది అక్క. "ఎనిమిదింటికి షాపు మూసేస్తారు బాబాయ్."

"ఆగు మరి. తెలుపంటే గుర్తొచ్చింది. పోయినేడాది వాన రోజులు. షట్టరు ఎత్తామో లేదో ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక బూటు కాలికుంది, రెండోది చేతిలో ఉంది, దాని మడమ ఊడి వేలాడుతోంది. మీగడ రంగు ప్యాంటు, నీలం కోటు. పావుగంటలో మీటింగట. నేను ముఖం చూడలేదు. నేనెవరి ముఖమూ చూడను, అది నా పద్ధతి. ముఖం అబద్ధం చెబుతుంది, పాదం చెప్పదు. పీట మీద కూర్చున్నాను, ప్యాంటు అంచు చూశాను, పాదం చూశాను, చెయ్యి వెనక్కి చాచాను. తిరిగి చూడకుండానే చాచాను. చేతికొచ్చిన డబ్బాలో తెల్ల జత. తొడిగాను, లేసు కట్టాను, వెళ్ళిరా అమ్మా అన్నాను. ఎంతసేపంటావు? నువ్వు టీ వడకట్టినంతసేపు."

"లేచి నిలబడి చూసుకోమనలేదా?" అంది చెల్లెలు. ఆ సాయంత్రం ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"నిలబెట్టేది చూపు ఆననివాళ్ళు తల్లీ. ముప్పయ్యేళ్ళలో నేను ఒక్క మనిషిని నిలబెట్టలేదు. కూర్చున్న కాలు చూస్తే చాలు, పుస్తకం చదివినట్టు చదివేస్తాను. నేనుండగా అద్దాలెందుకని మా ఓనరు షాపులో అద్దాలన్నీ పీకించేశాడు. ఇంకో రహస్యం కూడా చెబుతాను వినండి, ఇది మా వాళ్ళెవరూ ప్రాణం పోయినా బయట పెట్టరు. తెలుపు కాలిని పెద్దది చేసి చూపిస్తుంది. పొట్టి ప్యాంటు కింద తెల్ల బూట్లు వేశావనుకో, రెండు పడవల్లో నిలబడ్డట్టుంటుంది. అందుకని తెలుపు ఇచ్చినప్పుడల్లా ఒక నంబరు తగ్గించి ఇవ్వాలి. కొనేవాళ్ళకి చెప్పకూడదు. అప్పుడు చూడు, పాదం మొగ్గలా ముడుచుకుని ఉంటుంది. నప్పడం అంటే అదీ."

"మరి బిగుసుకోదా అన్నా?" అన్నాడు లిఫ్టతను.

"తోలు సాగుతుంది. తోలు సాగకపోతే కాలు సర్దుకుంటుంది. కాలికున్న సర్దుకుపోయే గుణం కట్టుకున్నవాళ్ళకి కూడా ఉండదు. ముప్పయ్యేళ్ళలో నేనిచ్చిన జత ఒక్కటి వెనక్కి రాలేదు, తెలుసా నీకు?"

"ఒక్కటీ రాకపోతే నిన్నెందుకు పంపించేశారు?"

"నా చూపుకి తగ్గ కాళ్ళు ఊళ్ళో మిగల్లేదని నేనే వచ్చేశాను. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ ఈ ఎదురు బిల్డింగులోనే మీటింగు గదిలో అడుగుపెట్టింది. చప్పుడు లేదు. పెద్దాయన ఫైలు చూడలేదు, మనిషిని చూడలేదు, బూట్లు చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు. పెద్దాయన లేచాక మిగతావాళ్ళు కూర్చుంటారా, పద్నాలుగుమందీ లేచారు. ఇలాంటి కాళ్ళు మోసుకొచ్చిన ఫైలు ఆపకూడదని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. ఆ ఫైలు దేని గురించో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

"నేనున్నది ఆ బిల్డింగులోనే. నా చెవిన పడలేదే."

"నువ్వు డబ్బాలో ఉంటావు నాయనా. పైకీ కిందికీ తప్ప నీకేం తెలుస్తుంది? మర్నాడు పొద్దున నలభై ఇద్దరు ఆడవాళ్ళు మా షాపు ముందు వరస కట్టారు. వరస మా మెట్ల దగ్గర మొదలై, సందు తిరిగి, బ్యాంకు దాటి, ఊరంతా చుట్టి మళ్ళీ మా మెట్ల దగ్గరికే వచ్చింది. మొదటావిడా చివరావిడా వీపులు ఆనించుకుని నిలబడ్డారు, ముందెవరో తేల్చలేక నేనే తల పట్టుకున్నాను. అప్పుడు నేనేం చేశానో తెలుసా? కళ్ళకి గుడ్డ కట్టుకున్నాను. మెట్టు మీద అడుగు పడిన చప్పుడు విని నంబరు చెప్పాను. ఒంటి మీదున్న ప్యాంటు రంగు చెప్పాను. ఇంటి దగ్గర ఉతికి ఆరేసిన ప్యాంటు రంగు కూడా చెప్పాను."

"ఆరిందో లేదో చెప్పలేదా?" అన్నాను నేను.

"అంచులు తడిగా ఉన్నాయని చెప్పాను. వారం తిరక్కుండా బిల్డింగంతా స్నీకర్లే. టకటకలు పోయాయి. గోడగడియారం కొట్టుకోవడం వినబడి జనం హడలిపోయారు. ఎవరొచ్చారో ఎవరెళ్ళారో పెద్దాయనకి తెలిసేది కాదు. ఒక శుక్రవారం అందరూ లేచి ఇళ్ళకి వెళ్ళిపోతే, ఆయన ఆదివారం దాకా ఖాళీ కుర్చీలకి ఉత్తరం చెబుతూ కూర్చున్నాడు."

"కుర్చీలు రాసుకున్నాయా?"

"ఒక్క తప్పు లేకుండా. ఇక లిఫ్టు ఎక్కే నాథుడు లేడు. అందరూ మెట్లే. లిఫ్టు నెల రోజులు అలాగే పడి ఉంది."

"మోటారు కాలిపోయి పడి ఉందన్నా."

"నేను చెప్పేదీ అదే. దిగులుతో కాలిపోయింది. ఆ మొదటావిడ అయితే ఆ బూట్లతో ఎక్కుతూ ఎక్కుతూ పదకొండో అంతస్తు దాకా వెళ్ళిపోయింది."

"ఉన్నవి ఎనిమిదే కదా."

"మిగతా మూడూ ఆవిడ ఎక్కుతుంటే కట్టుకుంటూ పోయారు."

మేం నవ్వాం. అక్క నవ్వలేదు. పాలగిన్నె పక్కనున్న గడియారం చూసి, "ఏడున్నరయింది బాబాయ్," అంది. "రంగు చెప్పు, నంబరు చెప్పు, చాలు. రేపు దీనికి ఆ కుర్చీ పోతే నేను ఈ కొట్టు మీద ఇద్దరినీ లాగలేను."

"అక్కడికే వస్తున్నాను. అసలు గొప్ప ఇప్పుడుంది. ఆ తెల్ల జత ఆవిడ కాలికి ఎంత అతికిపోయిందంటే, బూట్లు వేసుకున్న సంగతే ఆవిడకి తెలిసేది కాదు. ఇంకా కొన్నాళ్ళకి కాళ్ళున్న సంగతే మర్చిపోయింది. రాయి గుచ్చుకున్నా తెలీదు, నడిచినా తెలీదు, నిలబడినా తెలీదు. మేఘాల మీద ఉన్నట్టే. బూటెక్కడ అయిపోయిందో పాదమెక్కడ మొదలైందో చెప్పలేనంతగా కలిసిపోయాయి. వాటిని విప్పాలంటే పెద్ద పెద్ద డాక్టర్లు దిగిరావాలి. అదీ ఈ చేతి మహిమ."

"అది నిజమే," అంది చెల్లెలు.

కొలబద్ద ఆగాడు. ఆయన చెప్పినదానికి నిజమే అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక గ్లాసు తీసి మళ్ళీ కింద పెట్టాడు.

"నిజంగానే నాకు తెలీలేదు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మడమ ఊడింది కుడి కాలిది. చేత్తో పట్టుకుని రాలేదు, సంచీలో వేసుకుని వచ్చాను. మీగడ ప్యాంటు, నీలం కోటు, వాన, అవన్నీ నిజమే. మీటింగు మాత్రం లేదు బాబాయ్. నేను ఆ బిల్డింగులో కింద గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చుని వచ్చేవాళ్ళ పేర్లు రాసుకుంటాను. ఆ బల్ల నా మెడ దాకా ఉంటుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా కాళ్ళు ఎవరికీ కనబడవు."

లిఫ్టతను తల దించుకున్నాడు. రోజూ ఆ బల్ల ముందు నుంచే అతను లోపలికి వెళ్ళేది.

"మీగడ ప్యాంటు, నీలం కోటు ఊళ్ళో వందమందికి ఉంటాయమ్మా," అన్నాడు కొలబద్ద. నవ్వబోయాడు, కుదరలేదు.

"డబ్బా మీద అయిదు అని ఉంది. నాది ఆరు కదా అన్నాను. ఈ కంపెనీలో అయిదంటే ఆరే అమ్మా అన్నావు. నువ్వు పీట మీద కూర్చుని ఎంతో ఓపిగ్గా లేసు కట్టావు. నమ్మాను. షుగరుందని అప్పటికి నాకు తెలీదు. కాళ్ళు మొద్దుబారుతుంటే బూట్లు మెత్తగా ఉండబట్టే అనుకున్నాను. అక్కతో కూడా చెప్పాను, వేసుకున్నట్టే లేదే, ఎంత హాయిగా ఉన్నాయో అని."

"చెప్పింది," అంది అక్క.

"ఒక్క జత వెనక్కి రాలేదన్నావు. తెచ్చి ఇచ్చెయ్యాలంటే నొప్పెట్టాలి కదా బాబాయ్. అక్క కాక ఆ బూట్లని చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నువ్వు. ఇంకొకరు, వాసన వస్తోందని ఆసుపత్రికి వెళ్తే కత్తెరతో వాటిని కోసి తీసిన నర్సు. ఇన్నాళ్ళూ తప్పంతా నా ఒంటిదే అనుకున్నాను. ఒక నంబరు తగ్గించావని ఇవాళే తెలిసింది."

ఆమె గౌను అంచు పైకి లాగి, కుడి పాదాన్ని బెంచీ కిందినుంచి బయటికి తెచ్చి ఆయన ముందు పెట్టింది. చిటికెన వేలు లేదు. దాని పక్క వేలూ లేదు. అవి ఉండవలసిన చోట చర్మం ఎర్రగా, నున్నగా ఉంది.

"పాదం అబద్ధం చెప్పదన్నావుగా. నేను కూర్చునే ఉన్నాను. చూసి నంబరు చెప్పు."

కొలబద్ద పాదం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తలెత్తి ఆమె ముఖం చూశాడు. షాపులో ముప్పయ్యేళ్ళు చెయ్యని పని అది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అక్క వెళ్ళి ఆర్పింది.

"ఎనిమిదికి ఇరవై నిమిషాలుంది," అంది అక్క. ఆ మాట ఎవరితో అందో తెలీదు.

కొలబద్ద బెంచీ దిగాడు. బిస్కెట్లు చుట్టే పాత కాగితాల్లోంచి పెద్దదొకటి తీసి నేల మీద పరిచాడు. ముడతలు అరచేత్తో సాపు చేశాడు. లిఫ్టతని జేబులోంచి పెన్సిలు అడిగి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నిలబడమ్మా," అన్నాడు.

ఆమె అక్క భుజం పట్టుకుని లేచి కాగితం మీద పాదం మోపింది. బరువు పడగానే పాదం వెడల్పయింది. మా అందరికీ కనబడింది. ఆయనకీ కనబడింది.

"బరువంతా వెయ్యి. నొప్పెడితే చెప్పు."

"నొప్పి తెలీదు బాబాయ్."

ఆయన పెన్సిలు మడమ దగ్గర మొదలై, లోపలి అంచు వెంబడి నెమ్మదిగా వచ్చి, బొటనవేలు చుట్టి, రెండో వేలు దాటి, మూడో వేలు కూడా దాటింది. అక్కడ ఆగింది. గీత ఎటు తిప్పాలో ఆయనకి తెలీలేదు.

"వేళ్ళున్నట్టే గియ్యి," అంది ఆమె పైనుంచి. "బూట్లు అయిదు వేళ్ళకే చేస్తారు."